కొల్లేరు గళ్ళ ఆట

ఏలూరు,
9 జులై 2006, ఆదివారం.

చెల్లి సుగుణకి,

నీకూ మరిదిగారికీ మా ఇద్దరి వందనాలు. ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటని మరిదిగారు నవ్వుతున్నారట. నా చెవి సంగతి ఆయనకి చెప్పు. ఫోన్లో నాకు సగమే వినపడుతుంది, మిగతా సగం నేను కల్పించుకుంటాను. తర్వాత గొడవలు. అందుకని ఉత్తరమే నయం.

మీ శాలిని బాగుంది. చదువుకని మా ఇంటికి వచ్చిన కొత్తలో నువ్వు చెప్పినట్టే అడిగితే ఊ, అడక్కపోతే అదీ లేదు. ఇంటర్లో చేరిన పిల్లా, మౌనవ్రతం పట్టిన పిల్లా అని మీ బావగారు అంటుండేవారు. పోయిన శనివారం సాయంత్రం ప్రార్థన అవుతూనే కరెంటు పోయింది. ఏదైనా చెప్పు పెద్దమ్మా అంది. నాన్న గుడి ఉపదేశిగా ఉన్నప్పుడు మనిద్దరినీ దోనెలో ఎక్కించుకుని కొల్లేటి ఊళ్ళన్నీ తిప్పేవారు కదా, ఆ కబుర్లు చెప్పాను. తెల్లారేసరికి అది మీ బావగారి చొక్కాల అట్టపెట్టె విప్పి, దాని మీద గళ్ళు గీసి, నేను చెప్పినవన్నీ గళ్ళలోకి ఎక్కించేసింది! మన రేవు దగ్గర మొదలై కొల్లేరంతా తిరిగి మళ్ళీ మన ఇంటి అరుగు చేరాలి. కిక్కిసగడ్డిలో దోనె ఇరుక్కుంటే ఒకసారి ఆగాలి. గూడబాతుల గుంపు కనపడితే నాలుగు గళ్ళు ముందుకి. చెరువు గట్టు కొట్టేశారంటే మొదటికి. సుగుణ దోనెలోంచి పడింది, మూడు గళ్ళు వెనక్కి.

గవ్వలూ పాచికలూ నాన్న ఇంట్లోకి రానిచ్చేవారు కాదు కదా, సిలువ కింద సైనికులు చేసిన పని అని. మరెలా అని ఆలోచించి, బైబిలు వచనాల కార్డులుండే అమ్మ వాగ్దానాల డబ్బా దించాం. ఒక కార్డు తియ్యడం, దాని మీది వాగ్దానం పైకి చదవడం, వచనం నెంబర్లో చివరి అంకె ఎంతుంటే అన్ని గళ్ళు నడవడం. సున్నా వస్తే కదలకూడదు. చీట్లు వెయ్యడం తప్పయితే కార్డులు తియ్యడం ఒప్పెలా అయిందండీ టీచరుగారూ అని మీ బావగారి ప్రశ్న. నేను వినపడనట్టు ఊరుకున్నాను. ఇక ప్రతి శనివారం సాయంత్రం ఇదే పని మాకు. నిన్న శాలిని నవ్వీ నవ్వీ పొలమారింది.

నీ అక్క,
గ్రేస్


తాడేపల్లిగూడెం,
17 జులై 2006.

అక్కకి వందనాలు.

ఉత్తరం అందింది. చాలా సంతోషం. సంతోషమని రాయాలి కాబట్టి రాశాను.

నా కూతురు నవ్వీ నవ్వీ పొలమారిందా. ఇక్కడ నా ఎదురుగా అది నవ్వి ఏడాది దాటింది. దానికి ఇష్టమని రొయ్యల వేపుడు చేసినా కంచంలోకి చూసి తిని లేచిపోయేది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. ఆ పొరుగిల్లు నీదే కావాల్సొచ్చింది.

వాగ్దానాల డబ్బా సంగతి. అమ్మ పోయాక నువ్వు పెద్దదానివని డబ్బా నీ దగ్గరుంచాం. ఏడాదికొక్కసారి, కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక, ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఒక్కటి తీసుకునేవాళ్ళం. దాంతో పావులు నడుపుతున్నారు! నా చేతిలో ఉండుంటే పైట చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టేదాన్ని.

చెరువు గట్టు కొట్టేస్తే మొదటికి పొమ్మన్నారట. చిన్నాన్నగారి చేపల చెరువు గవర్నమెంటువాళ్ళు కొట్టేసి రెండు నెలలు కాలేదు. ఆయన ఇంకా ఆ గట్టు మీదే మంచం వేసుకుని కూర్చుంటున్నారు. అది మీకు ఆటయిందా.

ఇంకొకటి. నేను దోనెలోంచి పడలేదు.

ఉంటాను,
సుగుణ


ఏలూరు,
30 జులై 2006, ఆదివారం.

కోపాల రాణి సుగుణమ్మగారికి,

నీ ఉత్తరం మీ బావగారూ నేనూ చెరొకసారి చదువుకున్నాం. చిన్నాన్నగారి గడి తీయించేశాను, అది తప్పే. డబ్బా సంగతి మాత్రం ఒప్పుకోను. ఏడాదికొక్కటి తీసి మిగతావన్నీ మూసి పెట్టడం కంటే, వారానికి ముప్పై నలభై వాగ్దానాలు పైకి చదవడం పాపమా? శాలినికి సగం కార్డులు కంఠతా వచ్చేశాయి.

పడలేదంటావేమిటే? అమ్మ పుట్టిల్లు మేనమామకి తెలియదా అన్నట్టు, ఆ దోనెలో నేనూ ఉన్నాను. బుడుంగుమని చప్పుడైంది. నాన్న గెడ వదిలేసి నీళ్ళలోకి దిగి, నిన్ను జుట్టు పట్టుకుని లాగారు. నోట్లోంచి తూటికాడ ముక్క తీశారు. నువ్వప్పుడు ఆరేళ్ళదానివి, నీకేం గుర్తుంటుంది?

నువ్వు పడలేదన్నావని శాలినికి చెప్పాను. అయితే ఆ గడిలో ఏం రాయాలో అమ్మనే అడుగు పెద్దమ్మా అంది. నువ్వేమైనా చెబుతావని నేననుకోను. మన ఇంట్లో నోట్లో నాలుక లేనిదానివి నువ్వే. అయినా అడగమంది కాబట్టి అడిగాను.

ఆదివారం పొద్దున కూడా కాలేజీలో పరీక్షలు పెడుతున్నారు, అందుకే పంపలేకపోతున్నాను. నేను పంపక కాదు.

అక్క


తాడేపల్లిగూడెం,
13 ఆగస్టు 2006.

అక్కా,

ఈ వారం మా గుడిలో నన్ను అందరూ పలకరించారు. మీ ఏలూరు పాస్టరు అయ్యగారు ఇక్కడి కూటానికి వచ్చి, గ్రేసమ్మగారింట్లో ప్రతి శనివారం కుటుంబమంతా చాప మీద కూర్చుని వాక్య ధ్యానం చేస్తున్నారని, చెల్లెలి కూతుర్ని ఆ ఇల్లు అలా దిద్దుతోందని సాక్ష్యం చెప్పారట. అమ్మగారూ, మీ అమ్మాయి అదృష్టవంతురాలండీ, అని ఒకావిడ నా చెయ్యి పట్టుకుని చెప్పారు. ఆ చెయ్యి విదిలించుకుని వచ్చాను. ఇక్కడ అమ్మాయి ప్రార్థనకి లేవాలంటే నేను దుప్పటి లాగాలి. అక్కడ వాక్య ధ్యానం!

దాచడం ఎందుకు, నాకు కడుపు మండిపోతోంది. కన్నది నేను, దిద్దేది నువ్వు. ఉల్లి మార్కెట్ నుంచి ఆయనొచ్చేసరికి ఉల్లిపాయల వాసనతో ఇల్లంతా నిండిపోతుంది కదా, ఏడ్చినా ఎవరికీ తెలియదు, అదొక సుఖం.

ఆ గడిలో ఏం రాయాలని అడిగింది కదా. రాయమను. నేను పడలేదు, దూకాను.

ఆ రోజు నాన్న తనూ ఒక చెయ్యి వేసి పట్టుకుని నీకు గెడ వెయ్యడం నేర్పుతున్నారు. నువ్వు ముందు నుంచుని పాట పాడుతూ గెడ వేస్తున్నావు. గట్టు మీద చేపల మావులు ఎత్తేవాళ్ళంతా నిలబడి, ఉపదేశిగారి పెద్దమ్మాయండీ, ఎంత బాగా పాడుతోందో అంటున్నారు. నేను వెనకాల వాక్యాల పుస్తకాల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సంచి తడవకుండా చూడమ్మా అన్నారు నాన్న నాతో. అంతే, ఆ రోజంతా నాతో ఆయన అన్నది ఆ ఒక్క ముక్క. సంచిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి దూకేశాను. నాన్న నీ పాట ఆపించేసి నాకోసం నీళ్ళలోకి దిగారు. తూటికాడ మింగినందుకు నాకేమీ బాధ లేదు.

మూడు గళ్ళు వెనక్కో ముందుకో మీ ఇష్టం.

సుగుణ


ఏలూరు,
27 ఆగస్టు 2006, ఆదివారం.

సుగుణకి,

ముందు అయ్యగారి గొడవ. ఆయన మేం ఆడుతుండగా వచ్చారు. మేం ఒక్కొక్కరం కార్డు తీసి చదువుతున్నాం. అట్ట చూసి ఉపదేశిగారు పరిచర్య చేసిన ఊళ్ళ పటమా అన్నారు. అవునండీ అన్నారు మీ బావగారు, అది అబద్ధం కూడా కాదాయె. వెంటనే ఆయనా చాప మీద కూర్చుని ఒక కార్డు తీసి, చదివి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. ఎనిమిది వచ్చింది ఆయనకి. శాలిని చప్పుడు కాకుండా ఆయన తరఫున ఒక గుండీ పెట్టి ఎనిమిది గళ్ళు జరిపింది. ఆయన మాతోపాటు వరసగా కార్డులు తీస్తూ పోయి చివరికి ఆయనే గెలిచారు, పాపం ఆయనకి తెలియదు. ఇప్పుడు మరో రెండు కుటుంబాలు వస్తామంటున్నాయి, ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు.

నీ కథ శాలినికి ఇచ్చాను. చదివి, అమ్మ దూకిందా అని లేచి నిలబడింది. మళ్ళీ చదివింది. పాత గడి మీద తెల్లకాగితం అంటించి, సుగుణ దూకింది, ఏడు గళ్ళు ముందుకి అని రాసింది. మా అమ్మ ఇంత మాట్లాడుతుందని నాకు తెలీదు పెదనాన్నా, అంది. పెదనాన్నతో అంది, నాతో కాదు. పెద్దమ్మా నీకు తెలిసుండదులే అని నన్ను ఓదార్చింది పైగా.

అవి నిజంగా జరిగాయా, ఇప్పుడు అల్లావా? నాకు ఆ సంచి సంగతే గుర్తు లేదు.

ఇంకా ఉన్నాయేమో రాయమంటోంది. పిల్ల అడిగింది, నేను రాశాను.

గ్రేస్


తాడేపల్లిగూడెం,
10 సెప్టెంబరు 2006.

ప్రియమైన అక్కకి,

అల్లడం నాకు రాదు. నీకు గుర్తుండకపోవడంలో వింతేం లేదు, ముందు కూర్చున్నవాళ్ళకి వెనకాలేం జరిగిందో ఎలా తెలుస్తుంది?

ఇంకా ఉన్నాయా అంటే బోలెడున్నాయి. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. ఇప్పుడు అంట్లు తోముతుంటే ఒకటి, బియ్యం ఏరుతుంటే ఒకటి గుర్తొస్తున్నాయి. ఇది శాలినికి చదివి వినిపించు. నువ్వే చదవాలి, నీ గొంతుతో.

పెద్దమ్మ బాప్తిస్మం రోజు. కొల్లేట్లో నడుంలోతు నీళ్ళలో నాన్న, పక్కన తెల్లలంగా ఓణీలో పెద్దమ్మ. గట్టు మీద ఊరంతా. నాన్న నీళ్ళలో ముంచి లేపారు. లేచీ లేవగానే పెద్దమ్మ కెవ్వుమని రెండు చేతులూ పైకెత్తి గెంతడం మొదలుపెట్టింది. నాన్నకి కళ్ళమ్మట నీళ్ళు. నా బిడ్డ ఆనందం చూడండని ఆయన పాట ఎత్తుకున్నారు. ఊరంతా చప్పట్లు కొట్టి పాడింది. పెద్దమ్మ ఎంత గెంతితే పాట అంత జోరు. గట్టెక్కాక మా అమ్మ చాటుకి తీసుకెళ్తే లంగాలోంచి అరచెయ్యంత మట్టగిడస దబ్బుమని కింద పడింది. అది కొరికి తొడ మీద గాటు. ఆ చేప చూసింది అమ్మ, పెద్దమ్మ, నేను. నాన్న పోయేదాకా ఆ సాక్ష్యం ప్రతి ఊళ్ళోనూ చెప్పారు.

గడిలో ఏం రాస్తుందో నాకు రాయండి.

ఇంకో మాట. నేనూ ఒక ఆట తయారుచేస్తున్నాను. పాత క్యాలెండరు వెనక గళ్ళు గీశాను, చింతపిక్కలు ఒక పక్క అరగదీసి పాచికలు చేశాను, నాన్న చూడ్డానికి లేరు. దసరా సెలవులకి పిల్లని పంపు. శనివారం ఇక్కడ ఆడతాం. ఆయనకి నియమాలన్నీ నేర్పేశాను. రోజూ ఓడిపోతున్నారు.

నీ చెల్లెలు,
సుగుణ


ఏలూరు,
17 సెప్టెంబరు 2006, ఆదివారం.

సుగుణకి,

దసరా సెలవుల్లో కూడా క్లాసులు పెట్టారు. పంపడం కుదరదు.

ఆట కూడా ఆపేశాం, అట్ట అటకెక్కింది. పిల్ల విసిగిపోయింది. ఈ వయసులో దేని మీదైనా నాలుగు రోజులే మోజు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి, ఇక కథలు రాసి పంపకు, దాని ధ్యాస పాడవుతుంది. నువ్వు రాసింది చదివాను. బాగానే ఉందంది.

ఒంట్లో నలతగా ఉంది, ఉంటాను.

గ్రేస్


తాడేపల్లిగూడెం,
22 సెప్టెంబరు 2006.

అక్కకి,

బాగానే ఉందందా. సరే.

నేననుకున్నదే అయింది. నేను చెబితే ఎవరికి కావాలి? నువ్వు చెప్పినన్నాళ్ళూ పొలమారేలా నవ్వింది, నేను రెండు ముక్కలు చెప్పేసరికి విసుగొచ్చింది. తల్లి మాటంటే పిల్లకి అంతే. నా క్యాలెండరు చుట్టి బియ్యం డబ్బా వెనకాల పడేశాను. చింతపిక్కలు పారబోశాను. ఆయన ఈవేళ ఆడదామా అంటే కసిరాను.

నువ్వే గెలిచావు. దానికి మూడేళ్ళప్పుడు అడిగావు గుర్తుందా, నాకిచ్చెయ్యవే సుగుణా, నేను పెంచుకుంటాను అని. ఇవ్వనన్నాను. ఇప్పుడు అడక్కుండానే తీసుకున్నావు. డిగ్రీ కూడా అక్కడే చదివించు. పెళ్ళి కూడా నువ్వే చెయ్యి, మమ్మల్ని ముందు వరసలో కూర్చోపెట్టు చాలు.

ఇక నా నుంచి ఉత్తరాలు రావు.

సుగుణ


ఏలూరు,
1 అక్టోబరు 2006, ఆదివారం.

నా చెల్లి సుగుణకి,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. రోజూ పెన్ను తీసి మళ్ళీ మూత పెట్టేశాను. ఈవేళ గుడిలో బల్లారాధనకి రొట్టె ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇది రాయకుండా ముట్టుకోలేకపోయాను.

నేను రాసింది అబద్ధం. ఆట ఆగలేదు. అట్ట అటకెక్కలేదు, మంచం కింద కూడా పెట్టనివ్వదు, బల్ల మీదే ఉంచుతుంది. మట్టగిడస కథ నన్నే చదవమన్నావు. చదివాను. సగంలో ఉండగానే అది చాప మీద దొర్లడం మొదలుపెట్టింది. మీ బావగారయితే కళ్ళు తుడుచుకుంటూ పెరట్లోకి పోయారు. ఇంత పెద్ద టీచర్ని, స్కూల్లో నేను వరండాలోకొస్తే ఆరేసి క్లాసులు గప్‌చిప్ అవుతాయి. ఇంట్లో ఇప్పుడు లంగాలో మట్టగిడస, అయిదు గళ్ళు ముందుకి. ఆ గడిలో బొమ్మ కూడా వేసింది.

అది నవ్వినందుకు కాదు నాకు బాధ. ఆ రాత్రి పడుకోబోతూ, అమ్మ పక్కన పడుకుని ఇవన్నీ వినాలనుంది పెద్దమ్మా అంది. నా పక్కన పడుకుని అంది ఆ మాట.

ఇప్పుడు అట్ట మీద నా గళ్ళు నాలుగు మిగిలాయి. మిగతావన్నీ నువ్వు పంపబోయే కథల కోసమని తెల్లకాగితాలు అంటించి ఖాళీగా ఉంచింది. కాలేజీ నుంచి రాగానే అది నన్ను అడిగే మొదటి మాట, అమ్మ ఉత్తరం వచ్చిందా. రాలేదంటే మొహం మాడ్చుకుంటుంది. కొల్లేరు నాది, కబుర్లు నావి, చాప నాది, టీ నేను పెడతాను. శనివారం సాయంత్రం ఆ పిల్ల నా మోచేతికి ఆనుకుని కూర్చునేది సుగుణా. అంతకుముందు మా ఇంట్లో శనివారమంటే ఇస్త్రీ బట్టలు, ఆదివారం పాఠాలు. మీ బావగారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవడానికి కూడా వేళ ఉండేది కాదు, అవసరమూ ఉండేది కాదు. అందుకని అబద్ధం రాశాను. నువ్వు రాయడం ఆపేస్తే మళ్ళీ నా దగ్గరికొస్తుందనుకున్నాను. రాలేదు. కిటికీ దగ్గర కూర్చుని పోస్టుమాన్ కోసం చూస్తోంది.

నిన్ను చూస్తే నాకు అసూయగా ఉంది. ఇది నీకు రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు. నువ్వు కన్నావని మాత్రమే కాదు, కన్నావన్నది పదహారేళ్ళుగా మింగుతూనే ఉన్నాను, అదలవాటైంది. నాలాగా పాడకుండా, నాలాగా నిలబడి చెప్పకుండా, వెనకాల కూర్చుని అంతా చూసి దాచుకున్నావే, ఒక్క ఉత్తరంతో నా ఇంట్లోనే నన్ను పక్కకి జరిపేశావే, దానికి. నేనంతా పాడుతూ ముందుకి చూశాను. నాకేమీ కనపడలేదు.

పెంపకానికి అడిగిన మాట నిజమే. ఇప్పుడు అడగను.

క్లాసులు మాత్రం నిజం, పిల్లని కదపలేను. నువ్వే రా. వచ్చే శనివారం రా. ఉత్తరం రాసి చెప్పు, స్టేషన్‌కి మీ బావగారొస్తారు.

నీ అక్క,
గ్రేస్


తాడేపల్లిగూడెం,
5 అక్టోబరు 2006, గురువారం.

అక్కా,

నీ ఉత్తరం నిన్న పొద్దున అందింది. అబద్ధమని చదవగానే ఒళ్ళు మండిపోయింది. పక్షం రోజులు నేను నా కూతురి మీద కోపం పెట్టుకుని బతికాను. చేతికందితే నిన్ను ఏదో ఒకటి అనేదాన్ని. కూర్చుని ఏడ్చాను కూడా.

తర్వాత ఆ ముక్క మళ్ళీ చదివాను. నిన్ను చూస్తే నాకు అసూయగా ఉంది. చదువుతుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. సాయంత్రం ఆయన రాగానే నిలబెట్టి చదివి వినిపించాను. మీ అక్కగారికి నిన్ను చూసి అసూయేమిటే అని ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. మళ్ళీ చదివాను ఆయన ముందే.

నీకు తెలియదక్కా. పుట్టిన దగ్గర్నుంచీ నాకు నీ పాత గౌన్లు, నీ పాత పుస్తకాలు. పాట నీది, గొంతు నీది, ఉద్యోగం నీది. గ్రేసమ్మగారి చెల్లెలు అని పిలిచేవారు తప్ప పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. నన్ను చూసి ఈర్ష్య పడినవాళ్ళు ఈ భూమ్మీద ఒక్కరు లేరు. మా వీధిలో కూడా లేరు. ఉన్న ఒక్కగానొక్క మనిషివి నువ్వు, అందులోనూ నువ్వు! తప్పని తెలుసు, ప్రార్థనలో ఒప్పుకుంటాను. కానీ నిన్నటి నుంచి నడుం నిటారుగా పెట్టుకుని తిరుగుతున్నాను. నీళ్ళబిందె కూడా బరువు లేదు.

శనివారం మధ్యాహ్నం పాసింజరుకి వస్తున్నాను. బావగారిని స్టేషన్‌కి రమ్మను. శాలినికి చెప్పు, అది ఎదురుచూస్తుంటే నాకు బాగుంటుంది. ఆదివారం వెళ్ళిపోతాను, దాన్ని తీసుకెళ్తానని భయపడకు. రాత్రికి మాత్రం అది నా పక్కన పడుకుంటుంది.

నేను వచ్చేదాకా ఆ అసూయ తగ్గించుకోకు.

నీ చెల్లెలు,
సుగుణ